కనిపించనిదల్లా మాయేనా?

ఈమధ్య ఒక సభలో ఒక యువకవి గేయం చదివాడు. విశ్వంలో అధికభాగం కంటికి కనిపించదని సైన్సే ఒప్పుకుంది గనక చివరికి మాయావాదమే గెలిచిందని దాని చివరి చరణం సారాంశం. చప్పట్లు మోగాయి. కొట్టినవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. నేను భౌతికశాస్త్రం చదివినవాణ్ణి కాను, తెలుగు పంతుల్ని. కాని ఒక నిర్ధారణకు ఆధారమేమిటని అడగడం విమర్శకుడి పని కూడా.

1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా సముదాయంలోని గెలాక్సీల వేగాలను పరిశీలించాడు. అంత వేగంతో పరుగెత్తేవి ఎప్పుడో చెదిరిపోవలసింది. వాటిని పట్టి ఉంచడానికి కనిపించే నక్షత్రాల ఆకర్షణ చాలదు. కనక కనిపించని పదార్థం ఉండి తీరాలన్నాడు. చాలాకాలం ఆ మాటను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

మరో సాక్ష్యం ఎక్స్‌రేల నుంచి వచ్చింది. అంతరిక్షం నుంచి వచ్చే ఎక్స్‌రేలను మన వాతావరణం అడ్డుకుంటుంది. 1970 డిసెంబరు 12న, కెన్యా స్వాతంత్ర్య దినాన, ఆ దేశపు తీరం దగ్గరి నుంచి ఒక అమెరికన్ ఉపగ్రహం ఎగిరింది. దాని పేరు ‘ఉహురు’. స్వాహిలీలో స్వేచ్ఛ అని అర్థం. కోమా, పెర్సియస్ సముదాయాల్లో ఎక్స్‌రేలు ఒక్క చుక్క నుంచి గాక, గెలాక్సీల నడుమ ఖాళీ అనుకున్న చోటంతటి నుంచీ వస్తున్నాయని అది చూపింది. అక్కడున్నది కోట్ల డిగ్రీల వేడి వాయువు. ఘనపు మీటరుకు సుమారు వెయ్యి కణాలు, అంత పలచన! 1976లో పెర్సియస్ ఎక్స్‌రేలలో ఇనుము ఆనవాలు కూడా దొరికింది. ఇనుము తయారయ్యేది నక్షత్రాలలో, వాటి పేలుళ్లలో. అంటే ఆ వాయువులో చచ్చిన నక్షత్రాల బూడిద కలిసి ఉంది. (కవులకు కావలసిన వస్తువు ఇక్కడ లేదా?)

ఇక బరువు సంగతి. ఎసటి ఆవిరి మూతను ఎత్తలేకపోతోందంటే మూతమీద బరువుందనే గదా! అంత వేడి వాయువు చెదిరిపోకుండా నిలిచిందంటే దాన్ని లోపలికి లాగే ద్రవ్యరాశి ఉంది. వాయువు వేడి ఎంతో, కేంద్రం నుంచి దూరమయ్యేకొద్దీ దాని సాంద్రత ఎలా తగ్గుతోందో ఎక్స్‌రేలే చెబుతాయి. ఆ రెండూ తెలిస్తే ద్రవ్యరాశి లెక్కకొస్తుంది. పెద్ద సముదాయాల్లో వాయువే నక్షత్రాలన్నిటికంటే ఎన్నో రెట్లు బరువు. రెండూ కలిపినా మొత్తంలో సుమారు ఆరోవంతే. మిగిలింది కృష్ణ పదార్థం.

ఈ లెక్కకు ఒక షరతుంది: వాయువు నిలకడగా ఉండాలి. సముదాయాలు ఢీకొన్నచోట లెక్క తప్పుతుంది. అందుకే వెనకున్న గెలాక్సీల వెలుగు ఎంత వంగుతోందో కొలిచి సరిచూస్తారు. 2006లో ‘బుల్లెట్’ సముదాయాన్ని అలా చూశారు. ఢీకొన్నప్పుడు వాయువు మధ్యలో చిక్కుకుంది. బరువులో అధికభాగం మాత్రం గెలాక్సీలతోపాటు ముందుకు సాగిపోయింది.

కృష్ణ పదార్థం ఏ కణాలతో ఏర్పడిందో ఇంకా తేలలేదు, వెతుకుతున్నారు. ఆ గేయానికి నడక చక్కగా కుదిరింది. నా పేచీ ఆ చివరి చరణంతోనే.