గుండెకు నడక సరే, మరి పడిపోకుండా ఉండాలంటే?

ఇంట్లో అరవై దాటినవాళ్లు ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లతో కలిసి చూడండి.

మా జహనుమాలో పొద్దున్నే చాలామంది పెద్దవాళ్లు నడుస్తూ కనిపిస్తారు. గుండెకు మంచిదని డాక్టర్ చెప్పి ఉంటారు. కరెక్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో కూడా వారానికి కనీసం 150 నిమిషాలు అని ఉంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ స్పీడ్ చాలు.

కానీ అందులోనే ఇంకో మాట ఉంది, దాన్ని మనం వదిలేస్తున్నాం. 65 దాటినవాళ్లు వారానికి 3 రోజులు బ్యాలెన్స్, కండబలం పెంచే వ్యాయామాలు కూడా చేయాలని. ఎందుకంటే పడిపోకుండా.

2019లో కాక్రేన్ సంస్థ 108 పరిశోధనల్ని, అంటే 23 వేలకు పైగా మందిని కలిపి చూసింది. వ్యాయామం చేసినవాళ్లలో పడిపోవడాలు 23 శాతం తగ్గాయి. బ్యాలెన్స్ వ్యాయామాలకు గట్టి ఆధారం దొరికింది, ఒట్టి నడకకు దొరకలేదు. ఆలోచిస్తే లాజిక్ ఉంది. చదును రోడ్డు మీద నడవడం వేరు, బాత్రూమ్‌లో తడి బండ మీద కాలు జారినప్పుడు నిలదొక్కుకోవడం వేరు. దానికి తొడల్లో, చీలమండల్లో బలం కావాలి.

పాతబస్తీ ఇళ్లలో ఆ బలం ఊరికే వచ్చేది. దస్తర్‌ఖాన్ ముందు నేల మీద కూర్చోవడం, లేవడం. ఇప్పుడు మోకాళ్ల నొప్పులకి అన్నీ కుర్చీలోకి మారాయి, నమాజుతో సహా. నొప్పి ఉంటే తప్పదు, కానీ ఆ కండకు రోజంతా పనే లేకుండా పోతోంది.

ఇక తాత ఒకసారి పడ్డాడనుకోండి. "తాతా, నువ్వు కదలకు, అన్నీ మేం తెచ్చిస్తాం" అంటాం. ప్రేమతోనే. నెల రోజులు కూర్చుంటే కాళ్లు ఇంకా సన్నబడతాయి, గుండెకు కూడా పని తప్పుతుంది, మళ్లీ పడతాడు. బ్రేక్ లేని లూప్ అది. (సాఫ్ట్‌వేర్ బుద్ధి పోదు, ఏం చేయను.)

న్యూజీలాండ్‌లో ఒటాగో యూనివర్సిటీ వాళ్లు దీనికోసమే ఇంట్లో చేసుకునే ప్రోగ్రామ్ తయారుచేశారు. మీరు ఇలా మొదలుపెట్టొచ్చు: కుర్చీని గోడకు ఆనించి, చేతులు పెట్టకుండా ఐదారుసార్లు లేచి కూర్చోవడం. వంటగది గట్టు పట్టుకుని మడమలెత్తడం. ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి 10 సెకన్లు నిలబడటం. పక్కన ఒకరు ఉండాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

బీపీ సంగతి కూడా చూడండి. కొందరికి లేచి నిలబడిన 3 నిమిషాల్లోపే పై నంబర్ 20 లేదా అంతకన్నా ఎక్కువ తగ్గిపోతుంది, కళ్లు తిరుగుతాయి. అలాగని మాత్రలు సొంతంగా ఆపొద్దు. కూర్చున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒకసారి బీపీ చూడమని డాక్టర్‌ని అడగండి. రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని, లైటు వేశాకే అడుగు వేయమనండి.