కార్యాలయ కంప్యూటర్ మానిటర్ల మన్నిక: జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంత నేపథ్యం

1. ఉపోద్ఘాతం

కార్యాలయంలో ఒక వస్తువు ఎంతకాలం ఉండాలన్న ప్రశ్నకు లెక్కల పుస్తకం ఒక సమాధానం చెబుతుంది. ఆ వస్తువు నిర్మాణం మరొకటి చెబుతుంది. కంప్యూటర్ మానిటర్ విషయంలో ఈ రెండింటి మధ్య అంతరం చాలా ఎక్కువ. జగ్గయ్యపేట, నందిగామ పట్టణాలు పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతానికి చెందినవి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో ఇవి చేరాయి. నందిగామ రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. వేసవిలో ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరే ఈ ప్రాంత కార్యాలయాల్లో మానిటర్‌కు ఎంత ఆయుష్షు ఆశించవచ్చో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. ప్రశ్న ఇప్పుడెందుకు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరులో ‘కార్డ్’ పథకంతో రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటరీకరణ విస్తృతంగా మొదలైంది. అది సీఆర్‌టీ మానిటర్ల కాలం. 17 అంగుళాల సీఆర్‌టీ సుమారు 75 వాట్ల విద్యుత్తు వాడేది. రోజుకు 8 గంటలు, ఏడాదికి 250 పనిదినాల చొప్పున 2,000 గంటలు నడిస్తే 150 యూనిట్లు ఖర్చయ్యేవి. 20 వాట్ల ఎల్‌ఈడీ మానిటర్‌కు 40 యూనిట్లు చాలు. కాబట్టి సీఆర్‌టీలను మార్చడానికి బలమైన కారణం ఉండేది.

ఆ కారణం నేడు వర్తించదు. 20 వాట్ల మానిటర్ తీసి 15 వాట్లది పెడితే ఏడాదికి ఆదా అయ్యేది 10 యూనిట్లే. అయితే 2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ, వార్డు సచివాలయ వ్యవస్థ రాష్ట్రవ్యాప్తంగా 15,004 సచివాలయాలకు విస్తరించింది. ఒకే విడతలో వచ్చిన పరికరాలు ఒకేసారి పాతబడతాయి. వాటిని ఎప్పుడు తొలగించాలన్న నిర్ణయం కొన్ని వేల మానిటర్ల నిర్ణయమవుతుంది.

3. లెక్కల్లోని ఆయుష్షు

2013 నాటి కంపెనీల చట్టం రెండవ షెడ్యూలు డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ వంటి పరికరాల ఉపయోగకాలాన్ని 3 సంవత్సరాలుగా చూపింది. ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటర్ల తరుగుదల రేటు 40 శాతం. ఆ లెక్కన 3 ఏళ్లకు విలువ దాదాపు 22 శాతానికి, 5 ఏళ్లకు 8 శాతానికి దిగుతుంది. ఇవి ప్రధానంగా సంస్థల ఆదాయ వ్యయాల కోసం ఏర్పడిన అంకెలు. పరికరం చెడిపోయే కాలాన్ని అవి చెప్పవు. పైగా డెస్క్‌టాప్‌ను ఒక సెట్టుగా కొనడం వల్ల సీపీయూ పాతబడిన రోజే మానిటర్ కూడా పాతదిగా నమోదయ్యే అవకాశం ఉంది. కొత్త సాఫ్ట్‌వేర్ సీపీయూపై భారం పెంచుతుంది, మానిటర్‌పై కాదు. పాత వీజీఏ పోర్టు మాత్రమే ఉన్న మానిటర్‌ను సైతం చిన్న అడాప్టర్‌తో కొత్త సీపీయూకు కలపవచ్చు.

4. నిర్మాణం చెప్పే ఆయుష్షు

ఎల్‌ఈడీ మానిటర్‌లో తెర వెనుక వెలిగే దీపాలు క్రమంగా మందగిస్తాయి. వాటి వెలుగు సగానికి తగ్గే కాలాన్ని సాధారణంగా 30,000 గంటలు, అంతకు పైగా లెక్కిస్తారు. ఏడాదికి 2,000 గంటల చొప్పున అది 15 సంవత్సరాలు. సగం వెలుగు అంటే పనికిరాకపోవడం కాదు. చదరపు మీటరుకు 250 క్యాండెలాల మానిటర్ 125కు తగ్గినా గదిలోపల రాతపనికి సరిపోతుంది.

ముందుగా దెబ్బతినే అవకాశం ఎక్కువగా ఉన్నది విద్యుత్ సరఫరా బోర్డులోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. దాని లోపలి ద్రవం వేడికి ఆరిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందన్నది ఇంజనీర్లు వాడే స్థూల సూత్రం. 105 డిగ్రీల వద్ద 2,000 గంటలు పనిచేసే కెపాసిటర్ 65 డిగ్రీల వద్ద 32,000 గంటలు, అంటే 16 ఏళ్లు పనిచేయాలి. 75 డిగ్రీల వద్ద అది 16,000 గంటలకు, అంటే 8 ఏళ్లకు పడిపోతుంది.

మెట్ట ప్రాంతానికి ఈ సూత్రం ముఖ్యం. ఏసీ లేని గదిలో వేసవి వేడి నేరుగా బోర్డుకు చేరుతుంది. సున్నపురాతి గనులు, సిమెంటు కర్మాగారాలు, జాతీయ రహదారి ఉన్న జగ్గయ్యపేట పరిసరాల్లో గాలి రంధ్రాలపై దుమ్ము పేరుకుంటే లోపలి వేడి ఇంకా పెరుగుతుంది. ఆ తీవ్రత ఏడాదంతా ఉండదు కనుక ఆయుష్షు 8, 16 ఏళ్ల మధ్య నిలుస్తుంది. కెపాసిటర్ చెడితే అదొక్కటే మార్చవచ్చు. దాని ధర కొత్త మానిటర్ ధరలో అతి స్వల్పం.

5. తెలుగు లిపి గీటురాయి

పనిచేస్తున్న ప్రతి మానిటర్‌నూ ఉంచాలని దీని అర్థం కాదు. అడంగల్, 1బి, రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో పేర్లు తెలుగులో ఉంటాయి. ప, ష, వ అక్షరాల మధ్య, ఒత్తుల మధ్య తేడా చిన్న గీతల్లోనే ఉంటుంది. 18.5 అంగుళాల, 1366×768 తెరపై అంగుళానికి సుమారు 85 చుక్కలే, 21.5 అంగుళాల, 1920×1080 తెరపై 102. తెర మసకబారి ఒక ఒత్తు తప్పుగా నమోదైతే రైతు దాన్ని సవరించుకోవడానికి కార్యాలయం చుట్టూ తిరగాలి. మామూలు పరిమాణంలో ఒత్తులు స్పష్టంగా కనబడని మానిటర్‌ను వయస్సుతో నిమిత్తం లేకుండా మార్చాలి.

6. తొలగింపు బాధ్యత

కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017 ప్రకారం వస్తువును నిరుపయోగంగా ప్రకటించేటప్పుడు కారణాలు నమోదు చేయాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న ఈ-వ్యర్థాల నియమాలు వెయ్యి, అంతకుమించి పరికరాలు వాడే సంస్థను భారీ వినియోగదారుగా గుర్తించి, వ్యర్థాలను నమోదిత సంస్థలకే అప్పగించాలంటాయి. ఒక్క సచివాలయం విడిగా ఆ సంఖ్యకు చేరదు. శాఖను ఒక యూనిట్‌గా చూస్తే చేరుతుంది. సీఆర్‌టీ వెనుక గాజులో ఐదో వంతుకు పైగా సీసపు ఆక్సైడు ఉంటుంది. పాత ఎల్‌సీడీల దీపపు గొట్టాల్లో పాదరసం ఉంటుంది. వీటిని పాత ఇనుప సామాన్ల కొట్టుకు వేయడం ప్రమాదకరం.

7. ముగింపు

పై లెక్కలను బట్టి మెట్ట ప్రాంత కార్యాలయంలో ఎల్‌ఈడీ మానిటర్‌కు 8 నుంచి 10 సంవత్సరాల సేవను సహేతుకంగా ఆశించవచ్చు. ఇందుకు మూడు పనులు అవసరం: స్టాకు రిజిస్టరులో మానిటర్‌ను సీపీయూ నుంచి వేరుగా నమోదు చేయడం, సాయంత్రం గోడ స్విచ్ కట్టేసి, వేసవికి ముందు దుమ్ము తుడవడం, తొలగించే ముందు మరమ్మతు సాధ్యాసాధ్యాలను రాతపూర్వకంగా పరిశీలించడం. కొన్న తేదీ ఒక్కటే తొలగింపుకు కారణం కాకూడదు.