నా సాక్ష్యం విని ఒక ఆంటీ కమ్మలు అమ్మేసింది: ప్రాస్పరిటీ గాస్పెల్, దీనత్వం

ఈరోజు ఎపిసోడ్ నా మీద నేనే కంప్లైంట్ ఇచ్చుకున్నట్టు ఉంటుంది. కొంచెం ఓపికగా వినండి.

బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ఉన్నప్పుడు మా చర్చికి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. "విశ్వాసంతో విత్తనం వేయండి, దేవుడు నూరంతలు తిరిగి ఇస్తాడు" అన్నాడు. నేను దాచుకున్న ఐదు వేలు కవర్లో పెట్టి వేశాను. నెల తిరక్కుండా క్యాంపస్ ప్లేస్‌మెంట్ వచ్చింది. ఆ ఆదివారమే మైక్ పట్టుకుని సాక్ష్యం చెప్పాను: ఐదు వేలు వేశాను, దేవుడు జాబ్ ఇచ్చాడు అని. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ సాక్ష్యంలో నేను చెప్పనివి కొన్ని ఉన్నాయి. ఆర్నెల్లు రాత్రుళ్లు కూర్చుని కోడింగ్ ప్రాక్టీస్ చేశాను. మా నాన్న అప్పు చేసి ఫీజు కట్టాడు. నాతోపాటు సెలెక్ట్ అయిన మా క్లాస్‌వాళ్లలో చాలామంది ఏ కవరూ వేయలేదు. ఇవన్నీ నాకు తెలుసు. కానీ చెబితే సాక్ష్యం అంత బాగుండదు కదా!

రెండేళ్ల తర్వాత ఒక పెళ్లిలో మా చర్చి ఆంటీ ఒకావిడ కనిపించారు. అంకుల్ పోయాక కొడుకుని ఒక్కతే చదివించింది. మాటల్లో చెప్పింది, ఆ రోజు నా సాక్ష్యం విని చెవి కమ్మలు అమ్మి, కొడుకు ఉద్యోగం కోసం విత్తనం వేసిందట. ఉద్యోగం రాలేదు. "నాకు నీ అంత విశ్వాసం లేదేమో బాబూ" అంది.

ఆవిడ నన్ను తిట్టలేదు, తననే తిట్టుకుంది. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు ప్రాస్పరిటీ గాస్పెల్ అంటే ఏంటో చూద్దాం. నిజమైన విశ్వాసం ఉంటే ఆరోగ్యం, డబ్బు, విజయం వచ్చి తీరాలి, అవి నీ హక్కు, నోటితో ప్రకటించి కానుకతో విత్తి వాటిని అందుకోవచ్చు అనే బోధ అది. ఇది మొదటి శతాబ్దంలో పుట్టింది కాదు. అమెరికాలో ఇ. డబ్ల్యూ. కెన్యన్ (1867–1948) అనే బోధకుడి రాతల్లో, ఒప్పుకోలు మాటలకు శక్తి ఉంటుందన్న ఆలోచన బలంగా కనిపిస్తుంది. కెనెత్ హేగిన్ (1917–2003) దాన్ని ఒక పెద్ద ఉద్యమంగా మార్చాడు. "విత్తనం" అనే భాషను జనంలోకి తీసుకెళ్లింది ఓరల్ రాబర్ట్స్ (1918–2009). తర్వాత టీవీ వచ్చింది, శాటిలైట్ ఛానెళ్లు వచ్చాయి, ఇప్పుడు మన ఫోన్లో క్యూఆర్ కోడ్‌తో సహా వస్తోంది.

ఇక్కడ ఒక మాట. కానుక ఇవ్వడం తప్పని నేను అనడం లేదు. ఉద్యోగం కోసం ప్రార్థించడం తప్పు కాదు. రోజువారీ ఆహారం అడగమని యేసే నేర్పాడు. స్వస్థత కోసం ప్రార్థించేవాళ్లందరూ ఈ బోధవాళ్లూ కాదు. మరి సమస్య ఎక్కడుంది?

నా పాత ఉద్యోగం భాషలో చెప్తాను. మనం ఒక ఫంక్షన్ రాస్తాం. ఈ ఇన్‌పుట్ ఇస్తే ఆ అవుట్‌పుట్ రావాలి. రాకపోతే కోడ్‌లో బగ్ ఉందేమో అని వెతుకుతాం. ప్రాస్పరిటీ గాస్పెల్‌లో ఇన్‌పుట్ నీ విశ్వాసం, నీ కానుక. అవుట్‌పుట్ దీవెన. అవుట్‌పుట్ వస్తే ఫార్ములా కరెక్ట్ అంటారు, స్టేజి ఎక్కిస్తారు. రాకపోతే ఫార్ములా తప్పని ఎవ్వరూ అనరు. నీ విశ్వాసం చాల్లేదు అంటారు. అంటే ఈ కోడ్‌లో బగ్ ఎప్పటికీ దొరకదు, తప్పు ఎప్పుడూ యూజర్‌దే. పైగా పనిచేయని కేసులకి ఎవరూ మైక్ ఇవ్వరు. నాకు మైక్ ఇచ్చారు, ఆంటీకి ఇవ్వలేదు.

సరే, మరి వాక్యాలు ఉన్నాయి కదా అంటారు. చూద్దాం. స్టేటస్‌లలో అందరూ పెట్టుకునే యిర్మీయా 29:11 తీసుకోండి. మీ గురించి నా ఉద్దేశాలు మేలుకే అని దేవుడు చెప్పే వచనం. అది బబులోనుకి చెరగా పోయినవాళ్లకి రాసిన ఉత్తరం. దాని ముందు వచనమే చదవండి, డెబ్బై ఏళ్లు పూర్తయ్యాక అని ఉంటుంది. అంటే వింటున్న పెద్దవాళ్లలో చాలామంది ఆ రోజు చూడకుండానే పోతారు. ఇక ఫిలిప్పీయులకు 4:13, ఎగ్జామ్ హాల్ ముందు మనం చెప్పుకునే వచనం. అది రాసింది సంకెళ్లలో ఉన్న పౌలు. పై వచనంలో ఆయన చెప్పేది, కడుపు నిండినప్పుడు ఎలా ఉండాలో, ఆకలితో ఎలా ఉండాలో రెండూ నేర్చుకున్నాను అని. నూరంతలు అన్న మాట మార్కు 10:30లో నిజంగానే ఉంది. అదే వచనంలో హింసలు కూడా ఉన్నాయి, ఆ ముక్క మాత్రం పోస్టర్ మీద వేయరు.

అదే పౌలు 2 కొరింథీయులకు 12లో తన ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నానంటాడు. తీయలేదు, కృప చాలు అన్న జవాబు వచ్చింది. పౌలుకి విశ్వాసం చాల్లేదని ఎవరైనా అనగలమా?

ఇప్పుడు దీనత్వం. ఆ కాలపు రోమా సమాజంలో తగ్గి ఉండటం బానిసల లక్షణం, గొప్పవాళ్లు సిగ్గుపడే విషయం. అలాంటి చోట ఫిలిప్పీయులకు 2లో పౌలు, క్రీస్తే దాసుడి రూపం తీసుకుని సిలువ వరకూ తగ్గాడని రాశాడు. సిలువ వేయబడినవాడిని ఫాలో అవుతూ, నష్టం వచ్చిందంటే విశ్వాసం లేనట్టే అని చెప్పడం ఎలా కుదురుతుంది?

కానీ దీనత్వం అనే మాటని కూడా తప్పుగా వాడొచ్చు. పేదవాడితో "నువ్వు తగ్గి ఉండు, అడక్కు" అని చెప్పడం దీనత్వం కాదు, అది పెత్తనం. మన తెలుగు సంఘాల్లో చాలా వరకు తరతరాలుగా ఊరి బయట ఉంచబడినవాళ్లు కట్టినవి. "నీ పిల్లలు తల ఎత్తుకుని బతుకుతారు" అని ఎవరైనా అంటే ఆ మాట ఎంత తీపిగా ఉంటుందో నాకు తెలుసు. ఆ ఆశ తప్పు కాదు. ఆ ఆశకి రేటు పెట్టడం తప్పు.

ఒంగోలులో జరిగింది చెప్తాను. 1876–78 మధ్య దక్షిణాదిని ఘోరమైన కరువు పట్టింది. అక్కడ జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు, మిషనరీ కాకముందు సర్వేయర్‌గా పనిచేసినవాడు. ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి కూలి పని ఇచ్చాడు. ఆ రోజుల్లోనే వందలమంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు సాయం ఆగేదాకా ఆపాడు. ఆ తర్వాతే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనం ఆ నంబర్ గర్వంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ముందు ఆపిన ఆ నెలలే పెద్దవిగా కనిపిస్తాయి. అన్నం అన్నంగా పెట్టాడు, విశ్వాసాన్ని విశ్వాసంగా ఉండనిచ్చాడు, రెండిటి మధ్యా బేరం పెట్టలేదు.

తప్పు ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు. అమెరికాలో పెద్ద టీవీ ప్రసంగీకుడు జిమ్ బేకర్‌కి 1989లో మోసం కేసులో 45 ఏళ్ల శిక్ష పడింది. తర్వాత తగ్గించడంతో దాదాపు ఐదేళ్లు జైల్లో ఉన్నాడు. 1996లో తన పుస్తకానికి "నాదే తప్పు" అని అర్థం వచ్చే పేరే పెట్టి, తాను బోధించిన ప్రాస్పరిటీ గాస్పెల్ తప్పని రాశాడు. ఆయన తర్వాతి జీవితం మీద వేరే విమర్శలు ఉన్నాయి, అది వేరే చర్చ.

మరి మనం ఏం చేయాలి? ప్రసంగం విన్నప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ మాట ఐసీయూ బయట కూర్చున్న తల్లి ముందు చెప్పగలమా? చెప్పలేకపోతే అది సువార్త కాదు. ఇచ్చేటప్పుడు, తిరిగి ఏమీ రాకపోయినా ఇవ్వగలిగినంతే ఇవ్వండి. అప్పు చేసి, నగ అమ్మి ఇవ్వమని ఎవరైనా ఒత్తిడి పెడితే మార్కు 12 తెరవండి. విధవరాలి రెండు కాసుల కథకి సరిగ్గా ముందు, విధవల ఇళ్లు మింగేసే మతపెద్దల గురించి యేసు హెచ్చరిక ఉంటుంది. ఇక సాక్ష్యం చెప్పేటప్పుడు మొత్తం చెప్పండి. ఫీజు కట్టిన నాన్ననీ, అదే ప్రార్థన చేసి జాబ్ రాని ఫ్రెండ్‌నీ వదిలేయకండి.

నేనేం చేశానంటే, మా పాస్టర్‌గారిని అడిగి అదే చర్చిలో మళ్లీ మైక్ తీసుకుని, ఆ సాక్ష్యం ఈసారి పూర్తిగా చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తర్వాత ఆంటీ ఇంటికి వెళ్లి, నా తప్పు వల్ల మీ కమ్మలు పోయాయి, డబ్బు నేను ఇస్తాను అన్నాను. ఆవిడ తీసుకోలేదు.

"కమ్మలదేముంది బాబూ, రెండేళ్లు దేవుడికి నా మీద కోపం అనుకుని బతికాను" అంది.

నా దగ్గర జవాబు లేదు. టీ పెట్టి ఇచ్చింది, తాగి వచ్చాను.

మీ చుట్టూ అలా అనుకుంటూ బతుకుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఈ వీడియో ఫార్వర్డ్ చేయడం కంటే ముందు ఒకసారి ఫోన్ చేసి మాట్లాడండి. ఉంటానండీ, మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.