మైకు నుంచి చెవి దాకా

కొత్తగా కండెన్సర్ మైకు కొన్నవాళ్లు మొదటి రోజు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "అన్నీ కలిపాను, సాఫ్ట్‌వేర్ తెరిచాను, ఎర్ర బటన్ నొక్కి పాడాను. తెర మీద గీత కదలనే లేదు. మైకు పాడైపోయిందా?" చాలాసార్లు మైకుకి ఏమీ కాదు. దానికి కరెంటు అందలేదు, అంతే. మైకునీ కంప్యూటర్‌నీ కలిపే చిన్న పెట్టెని ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. దాని మీద 48వి అని రాసిన మీట ఒకటి ఉంటుంది. నొక్కితే లైటు వెలుగుతుంది, కొద్ది క్షణాల్లో గీతలో కదలిక మొదలవుతుంది.

ఇంటి రికార్డింగులో వచ్చే చిక్కుల్లో చాలావాటి వెనక, ఎప్పుడో ఎవరో ఇంజినీరు తీసుకున్న ఒక నిర్ణయం ఉంటుంది. అది తెలిస్తే చిక్కు సగం విడిపోయినట్టే. ఆ 48 వోల్టుల కథే చూడండి.

కండెన్సర్ మైకుని 1916లో అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన ఇ.సి. వెంటె కనిపెట్టాడు. పల్చటి పొర ఒకటి, దాని వెనక లోహపు పలక ఒకటి, మధ్యలో సన్నటి గాలి సందు. గొంతు తాకి పొర కదిలితే సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, దాంతో పాటే వోల్టేజీ మారుతుంది. ఈ మార్పు ఎంత బలహీనమంటే, మైకు లోపలే చిన్న యాంప్లిఫయర్ పెట్టకపోతే కేబుల్ దాటి బయటికి రాదు. పొరకీ పలకకీ మధ్య వోల్టేజీ నిలవాలన్నా, ఆ యాంప్లిఫయర్ నడవాలన్నా కరెంటు కావాలి. వాల్వుల కాలంలో అందుకోసం ప్రతి మైకుకీ విడిగా ఒక పవర్ సప్లై పెట్టె, లావాటి కేబుల్ ఉండేవి.

ట్రాన్సిస్టర్లు వచ్చాక అంత కరెంటు అవసరం పోయింది. 1966లో జర్మనీ కంపెనీ న్యూమన్, కేఎం 84 అనే మైకుని నార్వే రేడియో సంస్థ ఎన్నార్కే కోసం తయారుచేసింది. విడిగా పెట్టె వద్దు, మైకు తీగలోంచే కరెంటు రావాలి అన్నది వాళ్ల షరతు. వాళ్ల స్టూడియోల్లో అత్యవసర దీపాల కోసం 48 వోల్టుల సరఫరా అప్పటికే ఉంది. దాన్నే వాడేశారు. నార్వేలో ఆ దీపాలకి పెట్టుకున్న వోల్టేజీ ఇవాళ మన టేబుల్ మీది పెట్టెలోనూ ఉంది.

ఒకే తీగలో కరెంటు అటు వెళ్తూ, పాట ఇటు ఎలా వస్తుంది? ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌లో మూడు దారులు ఉంటాయి. రెండు తీగల్లో పాట ఒకదానికొకటి ఎదురుగా నడుస్తుంది, మూడోది ఎర్త్. 48 వోల్టుల్ని ఆ రెండు తీగల్లోనూ సమానంగా పంపుతారు. ఇంటర్‌ఫేస్ చూసేది రెండు తీగల మధ్య తేడానే. సమానంగా ఉన్నది లెక్కలోకి రాదు, ఎదురెదురుగా ఉన్న పాట మాత్రం వినబడుతుంది. దారిలో కేబుల్‌కి అంటుకున్న రొద కూడా రెండింటికీ సమానంగా అంటుకుంటుంది కాబట్టి అదీ కొట్టుకుపోతుంది. ఇంత అందమైన ఉపాయం ఎలక్ట్రానిక్స్‌లో అరుదు.

అందుకే ఈ మైకులకి మూడు పిన్నుల కేబులే వాడాలి. ఇంటర్‌ఫేస్ ముందువైపు సాకెట్‌లో చుట్టూ మూడు రంధ్రాలు, మధ్యలో గిటార్ జాక్ దూరే పెద్ద రంధ్రం ఉంటాయి. మధ్య రంధ్రానికి 48 వోల్టులు రావు. మైకుని అక్కడ గుచ్చితే మీట నొక్కినా లాభం లేదు. ఇంకో చిత్రం కూడా జరుగుతుంది. 48 వోల్టులు అక్కర్లేని మైకు కేబుల్‌కి ఒక చివర ఫోన్ పిన్ను తగిలించి స్టీరియో సాకెట్‌లో పెడితే, ఎదురెదురు తీగలు రెండూ ఎడమ, కుడి చానళ్లుగా రికార్డవుతాయి. హెడ్‌ఫోన్స్‌లో గొంతు బాగానే ఉంటుంది. ఒకే స్పీకరున్న ఫోన్‌లో వింటే రెండూ కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, గొంతు మాయమైపోతుంది, వెనకాల మ్యూజిక్ మాత్రం మిగులుతుంది. ఇలా పోగొట్టుకున్న మంచి పాటలు చాలానే ఉంటాయి. ఎడమ చానల్‌ని తీసేసి, కుడిదాన్ని మోనోగా మార్చుకుంటే ఆ పాట తిరిగి దక్కుతుంది.

గొంతు వస్తోంది కానీ దూరంగా, డొల్లగా ఉందా? మైకు ఏ వైపు తిరిగి ఉందో చూడండి. పెద్ద కండెన్సర్ మైకుల్లో చాలావరకు కొస నుంచి కాదు, పక్క నుంచి వింటాయి. సాధారణంగా కంపెనీ గుర్తున్న వైపు మనకి ఎదురుగా ఉండాలి.

రెండో మీట గెయిన్, మైకు నుంచి వచ్చే శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పేది. దీని గురించి పాతకాలపు సలహా ఒకటి ఇంకా తిరుగుతోంది: ముల్లు ఎరుపు అంచుని తాకేంత గట్టిగా రికార్డు చేయమని. టేపు రోజుల్లో అది సరైన సలహాయే. లెస్ పాల్ 1948లో విడుదలైన 'లవర్' కోసం హాలీవుడ్‌లోని తన గరాజ్‌లో ఎనిమిది గిటార్ వరసల్ని ఒకదాని మీద ఒకటి ఎక్కించినప్పుడు డిస్కుల రొదతో పోరాడాడు. 1979లో టియాక్ పోర్టాస్టూడియో 144 వచ్చి మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు రికార్డు చేసుకునే వీలు ఇచ్చింది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 నాటి 'నెబ్రాస్కా' ఆల్బమ్‌ని అలాంటి దాని మీదే ఇంట్లో రికార్డు చేశాడు. క్యాసెట్‌కి స్‌స్‌స్ అనే రొద సహజం. దాన్ని ముంచేయాలంటే గట్టిగా రికార్డు చేయాలి. కొంచెం మించినా టేపు ఆ మోతని మెత్తబరిచేది. డిజిటల్‌లో ఆ దయ లేదు. సున్నా డెసిబెల్ దాటిన అల కొస తెగిపోతుంది, తెగింది మళ్లీ రాదు. పైగా 24 బిట్ల రికార్డింగులో సిద్ధాంతరీత్యా 144 డెసిబెల్స్ వెడల్పు ఉంది, రొదకి భయపడక్కర్లేదు. పాటలో అన్నింటికన్నా గట్టి చరణం పాడుతూ, మీటరు మైనస్ 12 దగ్గర ఆగేలా గెయిన్ పెట్టుకుంటే చాలు.

ఇక అసలు విసిగించేది ఆలస్యం. పాడిన మాట హెడ్‌ఫోన్స్‌లో కాసేపాగి వినిపిస్తే ఎంత తాళజ్ఞానం ఉన్నవాళ్లయినా తడబడతారు. విండోస్ సౌండ్ ఏర్పాటు పాటలు వినడానికీ ఆటలు ఆడడానికీ పుట్టింది. మధ్యలో ఎన్ని అంచెలున్నా వినేవాళ్లకి తెలియదు, పాడేవాళ్లకి తెలుస్తుంది. క్యూబేస్ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన జర్మనీ కంపెనీ స్టైన్‌బెర్గ్, 1997లో ఆ అంచెలన్నీ దాటి సాఫ్ట్‌వేర్ నేరుగా పరికరంతో మాట్లాడే దారి వేసింది. అదే ఏఎస్ఐఓ. సెట్టింగ్స్‌లో డ్రైవర్ అని ఉన్నచోట ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏఎస్ఐఓని ఎంచుకోవడమే విండోస్‌లో మొదటి మందు. ఉచితంగా దొరికే ఆడాసిటీ, లైసెన్సు చిక్కు వల్ల ఎన్నో ఏళ్లపాటు ఈ దారి లేకుండానే వచ్చింది. కొత్తవాళ్లు ఆలస్యాన్ని తమ కంప్యూటర్ లోపమనుకోవడానికి అదీ ఒక కారణం.

ఆ తర్వాత చూడాల్సింది బఫర్. శబ్దాన్ని కొలిచి రాసుకున్న ఒక్కో అంకె ఒక శాంపిల్. కంప్యూటర్ వాటిని ఒక్కొక్కటిగా కాక గుంపులుగా తీసుకుంటుంది; ఆ గుంపే బఫర్. సెకనుకి 48,000 శాంపిల్స్ చొప్పున, 1024 గుంపు నిండడానికి 21 మిల్లీసెకన్లు పడుతుంది. వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి లెక్కేస్తే 42. అదే 128 అయితే ఒక్కోసారికి మూడు మిల్లీసెకన్ల లోపే. మీటరు దూరం నుంచి మాట చెవికి చేరడానికి అంతే సమయం పడుతుంది కాబట్టి అసలు పట్టించుకోం. మరి ఎప్పుడూ చిన్నదే పెట్టుకోవచ్చుగా? గుంపు చిన్నదైతే ప్రాసెసర్‌కి గడువు తగ్గుతుంది. గడువు తప్పిన ప్రతిసారీ టప్, టప్ అని చిటపటలు వినిపిస్తాయి. పాడేటప్పుడు 128, పాడడం అయిపోయి మిక్సింగ్‌కి కూర్చున్నప్పుడు 1024: ఇది నిపుణులూ పాటించే పద్ధతే. గొంతు రెండుసార్లు వినిపిస్తుంటే గొంతుని నేరుగా హెడ్‌ఫోన్స్‌కి పంపే, ఇంటర్‌ఫేస్ మీది డైరెక్ట్ మానిటర్, సాఫ్ట్‌వేర్‌లోని మానిటర్ రెండూ తెరిచి ఉన్నట్టు. ఒకటి ఆపేయండి.

పై లెక్కలో సెకనుకి 48,000 శాంపిల్స్ అన్నాం, కానీ అందరూ ఆ అంకే వాడరు. సీడీకి సెకనుకి 44,100 శాంపిల్స్ అనే వింత అంకె టీవీ నుంచి వచ్చింది. తొలినాళ్ల డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపు మీద దాచేవారు. టీవీ బొమ్మలోని గీతకి 3 శాంపిల్స్, ఫీల్డుకి (అంటే సగం బొమ్మకి) 245 గీతలు, సెకనుకి 60 ఫీల్డులు: గుణించి చూడండి. వీడియో రంగం మాత్రం 48,000 దగ్గర స్థిరపడింది. ప్రాజెక్ట్ ఒక అంకెలో, పరికరం ఇంకో అంకెలో ఉంటే శ్రుతి చెడుతుంది. 44,100లో ఒకటో శ్రుతిలో పాడినదాన్ని 48,000లో వాయిస్తే ఒకటిన్నరకీ రెండుకీ మధ్యకి ఎక్కి కూర్చుంటుంది, మూడు నిమిషాల పాట పదిహేను సెకన్లు ముందే అయిపోతుంది. కరావోకే ట్రాకు బ్రౌజర్‌లో మోగిస్తూ పాడేవాళ్లకి ఈ తగువు తరచూ వస్తుంది. ట్రాకుని సాఫ్ట్‌వేర్‌లోకే తెచ్చుకుని, బ్రౌజర్ మూసేయాలి.

సన్నగా గుయ్‌మనే రొద వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. ఆగిపోతే అది కరెంటు లైన్లది. మన దగ్గర కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, ఆ ఊగే మోతే చెవిన పడుతోంది. పరికరాలన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెడితే చాలాసార్లు తగ్గుతుంది. రొద పోతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తీసేయకండి. అది ప్రాణం కాపాడే పిన్ను.

ఈసారి శబ్దం రాకపోతే మైకు దగ్గర మొదలుపెట్టి చెవి దాకా వరసగా నడవండి: మైకు, కేబుల్, 48వి, గెయిన్ మీటరు, డ్రైవర్, ట్రాకు మీది ఇన్‌పుట్ నంబరు, హెడ్‌ఫోన్స్. పాడుతున్నప్పుడు ఇంటర్‌ఫేస్ మీది గెయిన్ మీటరు లైటు వెలుగుతూ సాఫ్ట్‌వేర్‌లో గీత కదలకపోతే తప్పు కంప్యూటర్ వైపు, లైటే వెలగకపోతే తప్పు మైకు వైపు. ఒకసారికి ఒక్కటే మార్చండి. ఇంకో మైకు కొనేముందు స్నేహితుడి దగ్గర ఒక కేబుల్ అడిగి తెచ్చి మార్చి చూడండి.