తెల్లని రాజపాళయం కుక్క – వినిపించని చెవి

మన హోసూరు, కృష్ణగిరి పక్క ఈమధ్య చాలా ఇండ్లలో జాతి కుక్కలు, పర్షియన్ పిల్లులు కనిపిస్తున్నాయి. కొనేటప్పుడు అందరూ అడిగేది రెండే మాటలు: "ఇది అసలు జాతేనా? ధర ఎంత?" అడగాల్సిన మూడో మాట ఇంకొకటి ఉంది: "దీని తల్లీతండ్రీ ఆరోగ్యంగా ఉన్నాయా?" ఆ మాట ఎందుకు అడగాలో మన తమిళనాడు కుక్క ఒకదానితోనే తెలుసుకుందాం.

విరుదునగర్ జిల్లాలో రాజపాళయం అని ఊరు ఉంది. మన మాదిరే తమిళనాడులో ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడే రాజులు అక్కడ తరతరాలుగా ఉన్నారు. మద్రాసు రాష్ట్రానికి 1949 నుంచి 1952 దాకా ముఖ్యమంత్రిగా చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే. ఆ ఊరి పేరే పెట్టుకున్న వేటకుక్క రాజపాళయం. పొడుగాటి కాళ్లు, సన్నని నడుము, పాలవంటి తెలుపు, గులాబీ రంగు ముక్కు దాని గుర్తులు. 2005 జనవరి 9న తపాలా శాఖ నాలుగు భారతీయ కుక్క జాతుల మీద స్టాంపులు వేసింది. వాటిలో ఇదొకటి. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ మొట్టమొదట నమోదు చేసిన కుక్క జాతుల్లో కూడా చిప్పిపారై, ముధోల్‌తో పాటు ఇది ఉంది.

ఇంత పేరున్న జాతికి ఒక కష్టం ఉంది. కొన్ని పిల్లలు పుట్టు చెవుడుతో పుడతాయి. ఎందుకు?

తెలుపుకూ చెవికీ ఏం సంబంధం?

ఒంటికి రంగునిచ్చే కణాలు చర్మంలోనే కాదు, లోపలి చెవిలో కూడా ఉంటాయి. వినికిడి కణాలు బ్రతకడానికి కావలసిన ఏర్పాటును అవి నిలబెడతాయి. పిల్ల తల్లి కడుపులో ఉన్నప్పుడే ఆ రంగు కణాలు ఒళ్లంతా సర్దుకోవాలి. బాగా తెల్లగా పుట్టే జంతువుల్లో కొన్నింటికి అవి చెవి దాకా చేరవు. అప్పుడు పుట్టిన మూడు నాలుగు వారాల్లో లోపలి చెవి దెబ్బతింటుంది. తర్వాత ఏ మందూ దాన్ని తిరిగి తేలేదు.

ఇది రాజపాళయానికి ఒక్కదానికే కాదు. తెల్లటి ఒళ్లు, నీలి కళ్లు ఉన్న పిల్లుల్లో చెవుడు ఎక్కువని డార్విన్ కూడా రాశాడు. అమెరికాలో పరీక్ష చేసిన డాల్మేషియన్ కుక్కల్లో సుమారు 30 శాతానికి ఒక చెవో, రెండు చెవులో వినిపించవని తేలింది.

రాజపాళయం విషయంలో మనుషుల చెయ్యి కూడా ఉంది. ఈ జాతిలో మచ్చలవి, నల్లవి, గోధుమరంగువి కూడా పుడతాయి. కానీ తెల్లదే అసలైనదని నమ్మి, వెనకటి కాలంలో రంగు పిల్లల్ని ఉంచుకునేవారు కాదు. తరం తరువాత తరం బాగా తెల్లవాటినే జత కట్టించినారు. చెవిని కాపాడే రంగును మనమే ఏరి పారేసినట్టు అయింది.

దగ్గర సంబంధం చేసే చేటు

రెండో కారణం అంతఃప్రజననం, అంటే దగ్గర రక్తసంబంధంలోనే జత కట్టించడం. ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు ఉంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒకటి చెడ్డదైనా ఇంకొకటి పని నడిపిస్తుంది కాబట్టి చాలా లోపాలు బయటపడవు. తల్లీతండ్రీ ఇద్దరిలో అదే లోపం దాగి ఉంటే, సగటున నాలుగు పిల్లల్లో ఒకదానికి రెండు ప్రతులూ చెడ్డవే వస్తాయి.

ఒకే ఈతలో పుట్టిన అన్నాచెల్లెళ్లను జత కట్టిస్తే, పిల్లలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 25 శాతం. తండ్రి ఒకటై తల్లులు వేరైతే 12.5 శాతం. ఈ లెక్క మనుషులకూ అంతే. మేనమామను చేసుకుంటే 12.5 శాతం, మేనత్త కొడుకునో మేనమామ కొడుకునో చేసుకుంటే 6.25 శాతం. మేనరికంలో పుట్టిన బిడ్డలందరికీ లోపం వస్తుందని దీనికి అర్థం కాదు. చాలామంది ఆరోగ్యంగానే ఉంటారు. కానీ పుట్టు చెవుడు లాంటివి మామూలు కంటే ఎక్కువ కనిపిస్తాయి. ఇంట్లో ఇప్పటికే అలాంటి బిడ్డ ఉంటే, ఇంకో మేనరికం నిశ్చయించే ముందు డాక్టరుతో మాట్లాడటం మంచిది.

పరీక్ష ఉందా?

జబ్బును బట్టి ఉంటుంది. పర్షియన్ పిల్లుల్లో మూత్రపిండాల్లో నీటి బుడగలు పెరిగే జబ్బు ఉంది. దానికి కారణం ఒకే ఒక జన్యువు. ఒక్క చెడ్డ ప్రతి చాలు, జబ్బు వస్తుంది. తల్లీతండ్రుల్లో ఒకదానికి ఉంటే సుమారు సగం పిల్లలకు వస్తుంది. పిల్లి చిన్నగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు, పెద్దదయ్యాక మూత్రపిండాలు చెడిపోతాయి. 2004లో ఆ జన్యు లోపాన్ని కనుక్కున్నారు కాబట్టి ఇప్పుడు డీఎన్‌ఏ పరీక్షతో ముందే తెలుస్తుంది. జబ్బున్న పిల్లిని జత కట్టించకపోతే ఆ వరుసలో జబ్బు అక్కడితో ఆగిపోతుంది.

తెలుపుతో వచ్చే చెవుడు అంత సులభం కాదు, అందులో చాలా జన్యువుల పాత్ర ఉంది. అందుకే వినికిడినే పరీక్షించాలి. పుట్టిన బిడ్డలకు ఆసుపత్రుల్లో చేసే 'బెరా' పరీక్ష లాంటిదే కుక్కపిల్లలకు ఐదారు వారాల నుంచి చేయొచ్చు. వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూస్తే రెండు చెవులూ వినిపించనిది తెలుస్తుంది. ఒక చెవి మాత్రమే పోయినది మామూలు కుక్క మాదిరే తిరుగుతుంది. దాన్ని పెంచుకోవచ్చు, జత కట్టించకూడదు.

కొనే ముందు

- తల్లిని చూపించమనండి. తండ్రి ఏదో, రెండింటికీ చుట్టరికం ఏమిటో అడగండి. జాతి సర్టిఫికెట్ వంశం చెబుతుంది, ఆరోగ్యం చెప్పదు.
- 2017 కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కలు పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. 18 నెలలు నిండని ఆడకుక్కను జత కట్టించకూడదు. ఏడాదికి ఒక ఈత, జన్మకు ఐదు ఈతలు మించకూడదు.
- రంగు పిల్లను తక్కువగా చూడకండి. మచ్చలున్న రాజపాళయం కూడా రాజపాళయమే.
- చెవిటి పిల్ల ఇంటికి వచ్చేసి ఉంటే వదిలేయకండి. చేతి సైగలతో అది చక్కగా నేర్చుకుంటుంది. రోడ్డు మీదికి మాత్రం గొలుసు లేకుండా పంపకండి.

మన హోసూరు దగ్గర మత్తిగిరి పశు క్షేత్రం 1824 నుంచి ఉంది. పశువుల విషయంలో ఏ కోడె ఏ ఆవుకు పుట్టిందో రాసి పెట్టుకోవడం, ఒకే కోడెను దాని బిడ్డలకు కట్టించకపోవడం మన రైతులకు కొత్త కాదు. ఆ జాగ్రత్తే ఇంట్లో పెంచే కుక్కకూ పిల్లికీ కావాలి.

పదో తరగతి పిల్లలు అనువంశికత పాఠం చదివేటప్పుడు పైన చెప్పిన 25, 12.5, 6.25 లెక్కలు ఎలా వచ్చాయో వంశవృక్షం గీసి చూడండి. రాకపోతే మీ సైన్సు టీచర్‌ను అడగండి. మీ ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే, దాని తల్లీతండ్రుల గురించి మీకేం తెలుసో ఇవాళ సాయంత్రం అమ్మానాన్నలతో కూర్చుని రాసి పెట్టుకోండి.