భయంలో బాధ్యత



మహమ్మారి దినాలలో మన మనసు ఒకే పూటలో ఆశకూ నిరాశకూ మధ్య ఎన్నోమార్లు ఊగిసలాడింది. అమీర్‌పేట, పంజాగుట్టలే ఇందుకు సాక్ష్యం. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. చదువు కోసం, ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడి హాస్టళ్లలో ఉంటున్న యువతీయువకులను గదులు ఖాళీ చేయమన్నారు. దిక్కుతోచక వారు పోలీసుస్టేషన్ల ముందు బారులు తీరారు. అనుమతి పత్రం చేతికందగానే ఇల్లు చేరినంతగా సంతోషించారు. గరికపాడు చెక్‌పోస్టు వద్ద ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపగానే ఆ సంతోషం ఆవిరైంది. హాస్టళ్లు మూయరాదని తెలంగాణ ప్రభుత్వం ఆదేశించాక గానీ, ఇక్కడ మిగిలినవారికి ఊరట కలగలేదు.

ఇలాంటి వేళ కలత చెందడం విశ్వాస లోపమా? కానే కాదు. పసివాడైన కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కన్నీరు పెట్టారు. ప్రభువుకు అప్రియమైన మాట మాత్రం పలకలేదు. సహనమంటే బాధ లేకపోవడం కాదు, బాధలోనూ బాధ్యతను విడవకపోవడం.

ఆనాడు గది ఇచ్చినవారికీ భయమే, అందులో ఉన్నవారికీ భయమే. తలుపు మాత్రం ఒకరి చేతిలోనే ఉంది. భయపడటం సహజం; ఆ భయభారాన్ని బలహీనులపైకి నెట్టడం అన్యాయం. అంటువ్యాధి సోకిన ఊరిలోకి వెళ్లవద్దనీ, అక్కడున్నవారు విడిచి రావద్దనీ ప్రవక్త (స) బోధించారు. ఉన్నచోటనే ఉండాలన్న ఆ బోధన నెరవేరాలంటే, ఉండేందుకు చోటు కల్పించేవారూ ఉండాలి కదా!

కష్టకాలంలో మన తలుపులు తెరిచి ఉంచే మనసును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.