భూగర్భమందలి వేడిమి – విద్యుచ్ఛక్తి

బొగ్గుగనులలో దిగి పనిచేయువారికి ఒక సంగతి అనుభవమున తెలియును. ఎంత లోతునకు పోయిన అంత ఉక్క హెచ్చును. పైని ఎండకు గాని, ఋతువులకు గాని దీనితో సంబంధము లేదు. సామాన్యముగా ఒక కిలోమీటరు లోతునకు 25 మొదలు 30 సెంటిగ్రేడు డిగ్రీల వరకు ఉష్ణము పెరుగుచుండును. భూమి పుట్టిననాటినుండి మిగిలియున్న వేడిమియు, శిలలలోని యురేనియము, థోరియము మున్నగు పదార్థములు క్షయించుటవలన పుట్టు వేడిమియు ఇందులకు కారణములు. ఈ వేడిమినుండి లభించు శక్తికే భూతాపశక్తి యని పేరు.

విద్యుత్తు పుట్టు విధము

వేడి అంతటను ఉన్నను, దానిని సులభముగా పైకి తెచ్చుటకు మూడు వసతులు కావలయును. శిల మిక్కిలి వేడిగా నుండవలెను, అందు నీరుండవలెను, ఆ నీరు కదలుటకు పగుళ్లుండవలెను. పైని గట్టి రాతిపొర మూతవలె కప్పియున్నచో, పొయ్యిమీది కుండలోవలె ఆవిరి లోపల అణగియుండును. అచ్చటికి లోతైన గొట్టపుబావిని త్రవ్వినప్పుడు ఆ ఆవిరి బలముతో పైకి వచ్చి టర్బైను చక్రమును త్రిప్పును. చక్రముతోపాటు జనరేటరు తిరిగి విద్యుత్తు పుట్టును. బొగ్గు కాల్చు కేంద్రమునకును దీనికిని ముఖ్యభేద మొక్కటే: ఇచ్చట బాయిలరు పని భూమియే చేయును.

ఇటలీదేశములోని లార్దెరెల్లోలో 1904 జులై 4వ తేదీన పియెరో జినోరి కోంతి అను ప్రభువు ఇట్టి ఆవిరితో ఐదు దీపములను వెలిగించెను. 1913లో అచ్చటనే 250 కిలోవాట్ల కేంద్రము నెలకొల్పబడినది. కొన్నిచోట్ల ఆవిరికి బదులు మిక్కిలి వేడియైన నీరు వచ్చును. పైకి వచ్చి ఒత్తిడి తగ్గగానే అందు కొంత ఆవిరియగును. న్యూజిలాండులోని వైరకెయి కేంద్రము 1958 నుండి ఈ పద్ధతిని విద్యుత్తు నిచ్చుచున్నది. నీరు అంత వేడిగా లేనిచోట, తక్కువ వేడికే మరుగు మరియొక ద్రవమును ఆ నీటితో కాచి, దాని ఆవిరితో చక్రమును త్రిప్పుదురు.

మన దేశమున

భారతదేశమున 300కు పైగా వేడినీటి బుగ్గలున్నవి. లడఖ్‌లోని పూగా లోయలో విద్యుత్తు నుత్పత్తి చేయుటకై 2021లో చమురు, సహజవాయు సంస్థతో ఒప్పందము జరిగినది. తెలంగాణములోని మణుగూరు ప్రాంతమున సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగ కేంద్రమును నిర్మించినది. ఇచ్చట పైని చెప్పిన మూడవ పద్ధతి నవలంబించిరి. ఐదు గుర్రముల బలముగల వ్యవసాయపు మోటార్లు నాలుగింటికి చాలునంతటి శక్తియే ఇది. అయినను, మన నేలలోని వేడిమియు పనికివచ్చునని ఇది చూపినది.

లాభములు

సూర్యరశ్మి రాత్రి యుండదు. గాలి ఒక్కొక్కప్పుడు వీవదు. భూతాపము మాత్రము రేయింబవళ్లు ఒక్కతీరుగ లభించును. బొగ్గు కొననక్కరలేదు; పొగ, బూడిద ఉండవు; స్థలము కొంచెమే చాలును. విద్యుత్తునకు చాలని వేడినీరు సైతము పంటలను ఆరబెట్టుటకు, ఇండ్లను వెచ్చగా నుంచుటకు ఉపయోగించును. ఐస్‌లాండు దేశమున నూటికి తొంబది ఇండ్లు ఇట్లే వెచ్చబడుచున్నవి.

నష్టములు

త్రవ్వకమునకు ధనము విశేషముగా కావలయును; త్రవ్వినపిదప గాని ఫలితము తేలదు. నీటితోపాటు కుళ్లిన గ్రుడ్ల వాసనగల విషవాయువును, ఆర్సెనిక్ వంటి విషపదార్థములును రావచ్చును. వైరకెయిలో నీటిని తోడివేయుటచే ఒకచోట నేల సుమారు 15 మీటర్లు క్రుంగెను. సమీపమున ఎగజిమ్ము వేడినీటి బుగ్గలు ఆగిపోయెను. స్విట్జర్లాండులోని బాజెల్ నగరమున 2006లో లోతైన శిలలలోనికి ఒత్తిడితో నీరు పంపగా భూకంపములు కలిగినందున, 2009లో ఆ పనిని విరమించిరి.

వీనిలో కొన్నింటికి ప్రతిక్రియ లేకపోలేదు. వేడి తీసికొన్న నీటిని మరల భూగర్భమునకే పంపినచో నేల క్రుంగుట తగ్గును, విషజలము చెరువులలో కలియదు. కాలిఫోర్నియాలోని గీజర్స్ కేంద్రమున ఆవిరి తగ్గిపోగా, 1997 నుండి ఒక ప్రాంతపు మురుగునీటిని, 2003 నుండి సాంటా రోజా నగరపు మురుగునీటిని శుద్ధిచేసి లోపలికి పంపుచున్నారు. బావినుండి తీసికొనుటయే గాని తిరిగి పోయుట యెరుగనివాడు ఎన్నాళ్లు నీరు త్రాగగలడు?

కావున ఇట్టి కేంద్రము తమ చేరువకు వచ్చినప్పుడు గ్రామపంచాయతీలు మూడు విషయములు విచారించుట మేలు: వాడిన నీరు ఎచ్చటికి పోవును? చుట్టుపట్ల బావుల నీటిని ఎవరు, ఎన్నాళ్ల కొకసారి పరీక్షింతురు? వాయువులను పట్టు ఏర్పాటు ఏది? వీనికి సరియైన సమాధానము లభించినచోట భూతాపశక్తి పల్లెకు వరమగును. లభింపనిచోట దీపము వెలిగినను త్రాగునీరు చెడవచ్చును.